కొమురయ్యకు దొరికిన బిళ్ళ

గోదావరిఖని నుంచి తిరిగొచ్చాక అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, బొగ్గుగనిలోకి దిగావా అని. దిగలేదు. నేను వెళ్ళింది బొగ్గు చూడ్డానికి కాదు.

హైదరాబాదులో ఒక రక్తపరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. ఎక్కడైనా అణుప్రమాదమో, ఎవరైనా కావాలని చేసే రేడియేషన్ దాడో జరిగితే మన ఆస్పత్రులు తట్టుకోగలవా, వైద్యంలో ముందుగా ఏ పరిశోధన మొదలుపెట్టాలి అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను, కుర్చీల వరసలో చిట్టచివర. ఎముకల్లో మూలుగను మళ్ళీ బతికించే మందు ముందా, ఎంత రేడియేషన్ తగిలిందో రక్తపు చుక్కలో చూసి చెప్పే పరికరం ముందా అని చల్లటి గదిలో కూర్చుని నెలల తరబడి వాదించుకున్నాం. చివరికి ఎవరికో బుద్ధి పుట్టి, గనులూ ఫ్యాక్టరీలూ ఉన్న ఊళ్ళకు పోయి అక్కడి డాక్టర్లనీ నర్సులనీ అడిగి రండి అన్నారు. పెద్దవాళ్ళు విమానాలు వెళ్ళే ఊళ్ళు పంచుకోగా నాకు ఈ ఊరు మిగిలింది.

వెళ్ళొచ్చాను. వచ్చినప్పటినుంచీ మనసు మనసులో లేదు.

రామగుండం స్టేషన్

రైలు దిగేసరికి పొద్దున పది దాటింది. దూరంగా పొగగొట్టాలు, వాటి మీద ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. మా తెనాలి బుద్ధి ఎక్కడికి పోతుంది, ప్రయాణమని తెల్లటి నేతచీర కట్టుకుని బయల్దేరాను. షేర్ ఆటో అతను నన్ను ఎగాదిగా చూసి, "అక్కా, ఖనికి పోయేటోళ్ళు తెల్లచీర గడుతరా?" అన్నాడు. ఆటోలో ముందే ఏడుగురున్నారు. ఎనిమిదోదాన్ని నేను.

"కొంచెం జరగండి" అన్నాను పక్కావిడతో. అంతే, ఆటో అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. గోడలనిండా 'జై తెలంగాణ' రాసి ఉన్న రోజులివి. నా నోట్లోని 'అండి' నా ఊరేదో చెప్పేసింది. ఆవిడ మాత్రం మోకాళ్ళు పక్కకు తిప్పి, ఒళ్ళోని సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని చోటిచ్చింది.

"ఎవలింటికి?" అని అడిగింది.

"నర్సు సుజాతగారింటికండి."

"మల్ల అండి!" అంటూ కిసుక్కున నవ్వింది. "ఆమె పెనిమిటిది ఏ బాయి?"

మా వైపు కొత్తమనిషి కనిపిస్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడిగి అసలు సంగతి లాగుతారు. ఇక్కడ అడిగేది బాయి. బాయి అంటే బొగ్గుగని. ఏ గనిలో పనో తెలిస్తే మనిషి తెలిసినట్టే. నాకు తెలియదన్నాను. "బాయి తెల్వకుంట ఇల్లెట్ల దొరుకుతది?" అని ఆవిడ నిజంగానే బెంగపడింది. ఆమె బెంగ నిజమే అయింది. పది రూపాయలిచ్చి దిగిన చౌరస్తా నేను దిగాల్సింది కాదు. ఎండలో గంటసేపు తిరిగాను. టీ తాగుదామని గ్లాసు పట్టుకున్నానో లేదో, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేల్చారు కాబోలు, కాళ్ళకింద నేల కదిలింది. గ్లాసు జారి టీ అంతా చీర మీద పడింది. చుట్టూ ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

సుజాత ఇంట్లో

సుజాత నా సహోద్యోగికి స్వయానా అక్క. ఒక దవాఖానలో నర్సు. ఆమె భర్త రాజలింగం ఇరవై ఏళ్ళకు పైగా బాయి పని చేస్తున్నాడు. ఇద్దరూ నన్ను చూసిన రెండో నిమిషంలోనే అన్నం ముందు కూర్చోబెట్టారు.

పచ్చిపులుసు పోసింది. మా ఇంట్లో పులుసంటే పొయ్యిమీద తెర్లాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకు ముఖం చిట్లించాను. మూడోసారి నేనే గిన్నె లాక్కున్నాను. సర్వప్ప కూడా చేసింది, బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. అడుగున మాడిన చెక్క నాకే పెట్టారు, అది చుట్టానికే పెడతారట.

సాయంత్రం వీధిలో అందరి ముంగిళ్ళలో బొగ్గు పొయ్యిలు రాజేశారు. వీధంతా పొగ. నేను దగ్గుతుంటే రాజలింగం నవ్వి, "గీ పొగ లేకుంటె మాకు నిద్ర రాదు మేడం" అన్నాడు.

మీటింగు

మర్నాడు ఒక హాలులో డాక్టర్లనీ నర్సులనీ కూర్చోబెట్టి నేను తయారుచేసుకెళ్ళిన బొమ్మలు తెరమీద చూపించాను. మూడో బొమ్మకే కరెంటు పోయింది. మిగతాది నోటితోనే చెప్పాను. బాంబు పడితే ఏమవుతుంది, ఎవరికి ముందు వైద్యం చెయ్యాలి, ఏ మందులు నిలవ ఉంచాలి. చెమటలు కారుతుండగా అడిగాను, మీకు ఏ పరిశోధన కావాలి అని.

ఒకాయన సెల్‌ఫోను టవర్ల గురించి అడిగాడు. ఒక పెద్ద డాక్టరు లేచి, "అమ్మా, ఆ బాంబేదో పడ్డప్పుడు చూద్దాం గాని, ముందు పాముకాటు మందు సమయానికి వచ్చేట్టు చూడండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది, కాని ఆయన చెప్పింది తప్పని అనలేను.

అందరూ వెళ్ళిపోయాక సుజాత మాత్రం వెనక వరసలో అలాగే కూర్చుని ఉంది.

"మీరు బాంబు బాంబు అంటున్నరు మేడం. మా దగ్గరికి వేలంత ముక్క ఒకటి వచ్చి, మనిషిని తీస్కపోయింది."

అప్పుడు చెప్పింది కొమురయ్య సంగతి.

కొమురయ్య బాయిలో రిటైరైనవాడు. ఊరికే కూర్చోలేక ఒక పైపులైను పనిలో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ పని ఎక్కడిదో, కాంట్రాక్టరెవరో నేనిక్కడ రాయను. ఇప్పుడక్కడ వాళ్ళెవరూ లేరు. పైపుల అతుకులు లోపల సరిగా పడ్డాయో లేదో ఎక్స్‌రే తీసినట్టు తీసి చూస్తారు. దానికి వాడే రేడియేషన్ ముక్క ఎప్పుడూ మందపాటి పెట్టెలోనే ఉండాలి. ఒకరోజు అది ఊడి కింద పడింది. ఎవరూ చూసుకోలేదు. వైరు తోకలాగా వేలాడుతున్న ఆ మెరిసే ముక్క కొమురయ్యకు దొరికింది. అంగీ జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు.

"మొదటి రోజే వాంతులైనయ్. మా దవాఖానకు తెస్తె ఎండదెబ్బ అనుకున్నం. ఎన్కసిరి ఛాతీ మీద తోలు ఎర్రగైంది, పుండైంది. ఆఖరుకు రక్తం ఖరాబైంది. వాంతులు ఎప్పుడు మొదలైనయో ఆ రోజు నేను అడగాలె, రక్తం తీసి చూడాలె అని ఇప్పుడు మీరు చెప్తె తెలుస్తుంది. అప్పుడు మాకెవలు చెప్పిండ్రు?"

"ముక్క ఏమైంది?"

"పైపులైను కంపెనోళ్ళు టిక్కుటిక్కుమనే మిషను పట్టుకొని వెతుక్కుంట వచ్చిండ్రు. జేబులకెల్లి తీసి పెట్టెల పెట్టుకున్నరు. పగుల్లేదు, చీలలేదు అన్నరు. ఆయన అంగి మీద, ఒంటి మీద గుడ మిషను పెట్టి చూసిండ్రు. సప్పుడు రాలే."

సప్పుడు రాలే. ఆ రెండు మాటలూ నాకు చాలు. ముక్క చెక్కుచెదరలేదు, పొడి రాలలేదు, మిషను మోగలేదు. అంటే రేడియేషన్ ఆ ముక్కలో ఉంది కాని కొమురయ్య ఒంట్లో లేదు. ముక్క తీసేసిన క్షణం నుంచీ ఆయన కాలిన గాయం ఉన్న మామూలు రోగి, అంతే. పక్కన ఎవరైనా కూర్చోవచ్చు.

"తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"పెద్ద పట్నం. ఆడ రేడియేషన్ మాట చెవుల పడంగనే డాక్టరు వేరే రూముల ఏసిండట. ఎవ్వల్ని ముట్టనియ్యలే. అన్నం కర్రతోటి నూకిండ్రట మేడం." సుజాత కళ్ళు తుడుచుకుంది. "మల్లవ్వ ఉంది, ఆయన భార్య. మీరు ఒక్కసారి రావాలె."

కమాన్‌పూర్ దారి

సాయంత్రం ఆటోలో వెళ్ళాం. ఒక పక్కన పత్తి చేలు, ఇంకో పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు. ఆ మట్టి మీద కూడా తుమ్మలు మొలిచాయి.

మల్లవ్వ ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. వాకిలి అలికి ముగ్గేసి ఉంది. పెరట్లో ఒక మూల తుమ్మకంప కుప్ప, దానికి అల్లంత దూరంలోనే ఊడవడం ఆగిపోయింది. కోళ్ళ కోసం దడి కట్టబోతున్నారేమో అనుకున్నాను. మల్లవ్వకు అరవై ఉంటాయి. నాకు మంచం వేసి తను గడప మీద కూర్చుంది. సుజాత నన్ను పరిచయం చేసింది.

"పట్నంకెల్లి వచ్చిన డాక్టరమ్మవా?"

"డాక్టర్ని కాదు మల్లవ్వా. రక్తం పరీక్షలు చేస్తాను."

"గదే. సదువుకున్నదానివి. ఒక్క మాట అడుగుత, చెప్తవా?"

చెప్తానన్నాను.

"దవాఖానల ఆయన ఉన్నన్ని దినాలు నన్ను దగ్గరికి రానియ్యలే. ముట్టుకుంటె నీకు గుడ అంటుతది అన్నరు. కిటికీలకెల్లి చూసుకుంట నిలబడ్డ. నన్ను చూసి చెయ్యి సాపిండు. దా అన్నట్టు. ఒక్కపారి గాదు, మస్తుపార్లు. నేను పోలే. సచ్చినంక గుడ స్నానం చేపియ్యలే, మొకం సూపియ్యలే. మూటగట్టి తీస్కపోయిండ్రు." ఆమె గొంతులో వణుకు లేదు. ఈ మాటలు లోలోపల ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. "నేను పోయి చెయ్యి పట్టుకుంటె, నిజంగనే నాకేమన్న అయితుండెనా?"

జవాబు నాకు తెలుసు. కాకపోయేది. ఏమీ కాకపోయేది.

కాని ఎలా చెప్పను? అంటుతుందన్నారు కాబట్టే వెళ్ళలేదన్న ఒక్క మాట పట్టుకుని ఈమె బతుకుతోంది. అదీ లాగేస్తే ఇక ఏం మిగులుతుంది?

"అప్పుడు అక్కడివాళ్ళకు సరిగా తెలియక, జాగ్రత్త కోసం అలా చెప్పుంటారు" అన్నాను.

మల్లవ్వ నన్ను తేరిపార చూసింది. "నేనడిగింది గది గాదు బిడ్డా."

లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి ఇచ్చింది. తిరుగుదారిలో సుజాత ఆటోలో ముందు, డ్రైవరు పక్కన కూర్చుంది.

లాంపు రూము

మూడో రోజు మధ్యాహ్నం రైలు. పొద్దున్నే రాజలింగం షిఫ్టుకు వెళ్తూ, "దిగకుంటె మానె, మా లాంపు రూమన్న సూసిపోండ్రి" అని వెంట తీసుకెళ్ళాడు. కిటికీ ముందు వరసగా నిలబడి అందరూ ఒక్కొక్క ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలకు పెట్టుకునే లైటు తీసుకుంటున్నారు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో నంబరు. అవన్నీ బోర్డు మేకులకు తగిలిస్తున్నారు.

"బోర్డు మీద బిళ్ళ ఉన్నదంటె మనిషి లోపట ఉన్నట్టు. పైకొచ్చి లైటిచ్చి బిళ్ళ తీస్కుంటడు. షిఫ్టు దిగినంక ఒక్క బిళ్ళ మిగిలినా ఎవ్వలం ఇంటికి పోము, వెతుకుతం."

"ఇంటికి పోయేటప్పుడు దారిలో పారేసుకుంటే?"

లైటు తీసుకుంటున్న రాజలింగం నా వైపు తిరిగాడు. కొమురయ్య జేబు గుర్తొచ్చి అడుగుతున్నానని అతనికి అర్థమైంది.

"దొరికినోడు గుండె మీది గల్ల జేబుల పెట్టుకుంటడు. కింద పెట్టద్దు. బిళ్ళను కింద పెడితె ఆ మనిషిని కింద పెట్టినట్టే అంటరు మా పెద్దోళ్ళు. ఆఫీసుల గుడ ఇయ్యద్దు. ఇస్తె పారేసుకున్నోనికి మాట వస్తది, డ్యూటీ పోతది. ఇది ఎవలిది, ఇది ఎవలిది అని మెల్లగ అడుక్కుంట తిరిగి, మనిషిని పట్టుకొని ఆని చేతులనే పెట్టాలె." లైటు తలకు పెట్టుకుంటూ అన్నాడు. "కొమురయ్యను కాకా అని పిలుస్తుంటిమి, నాకు పని నేర్పినోడు. ఆ ముక్కను ఏదో పనిముట్టుది అనుకున్నడు. ఎవలో పోరడు పారేసుకున్నడు, సూపర్‌వైజరుకు తెలిస్తె ఆని కొలువు పోతది అని దాసిపెట్టిండు. రెండు దినాలు అందరినీ అడిగిండట, ఇది ఎవలిది బిడ్డా అని."

ఒకడి కొలువు కాపాడాలని గుండె మీద పెట్టుకుని తిరిగాడు. మా కమిటీలో ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో, ఇలాంటి ముక్క దొరికితే జనం దురాశతో దాచుకుంటారని, ఇనుప సామాన్ల కొట్లో అమ్ముకుంటారని. దయతో దాచుకునేవాడు ఉంటాడని మాలో ఎవరికీ తోచలేదు. నాకు ఏడుపొచ్చింది. లైను కట్టి నిలబడ్డ వాళ్ళందరి ముందే ఏడ్చాను.

రాజలింగం వరసలోకి వెళ్ళిపోయాడు. అక్కడే నిలబడి నాకు ఒకటి అనిపించింది. మల్లవ్వ అడిగినదానికి జవాబు నా దగ్గరుంది. అది నాది కాదు, ఆమెది. బాగుంటుందో బాధపెడుతుందో తేల్చడానికి నేనెవర్ని? మనిషిని వెతుక్కుని వెళ్ళి చేతిలో పెట్టడమే నా పని.

సుజాతకు ఫోన్ చేశాను. రైలు పోతే పోనీ అన్నాను.

మళ్ళీ మల్లవ్వ ఇంటికి

మల్లవ్వ చాటలో కందులు చెరుగుతోంది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఈసారి డొంకతిరుగుడు లేకుండా చెప్పాను.

"మల్లవ్వా, నిన్న నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా దాటేశాను. రేడియేషన్ ఆ ముక్కలో ఉంది. ఆయన ఒంట్లో లేదు. అది పగిలి పొడి రాలి ఉంటే వేరే సంగతి, అప్పుడు ఒళ్ళు కడిగి బట్టలు మార్చాలి. అప్పుడు కూడా జాగ్రత్తలు తీసుకుని దగ్గరుండి చూసుకోవచ్చు. కాని ఇది పగల్లేదు. నువ్వు ఆయన్ని ముట్టుకుని ఉంటే నీకేమీ అయ్యేది కాదు. పక్కన కూర్చున్నా, అన్నం తినిపించినా, స్నానం చేయించినా ఏమీ అయ్యేది కాదు. నీకు తప్పు చెప్పారు."

చాట ఆగిపోయింది.

సుజాత దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేయబోతే తోసేసింది.

"మస్తుపార్లు పిలిచిండు" అంది ఎవరితోనో చెబుతున్నట్టు. "నాకు భయమై పోలేదనుకున్నడేమో. నాకు భయం లేకుండె. వాళ్ళు పోనియ్యకుంటె ఆగిన. గది ఆయనకు తెల్వదు గద."

ఆమె చేతులవైపు చూస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చాక కమిటీలో నేను ఒకటే అడిగాను. మందులూ పరికరాలూ తయారుచేద్దాం, తప్పకుండా చేద్దాం, కాని వాటికంటే ముందు, రోగిని చూసే ప్రతి మనిషికీ మొదటి గంటలోనే ముట్టుకోవచ్చో లేదో ఎలా తెలియాలో కనిపెట్టి, అందరికీ నేర్పుదాం అని. ఇది పరిశోధన ఎలా అవుతుంది అన్నారొకాయన. ప్రస్తుతానికి కాగితంలో చిట్టచివర 'ఇతరములు' కింద వేశారు. దాన్ని పైకి తెచ్చేదాకా నేను వదిలిపెట్టను. కాని ఇవన్నీ తర్వాతి మాటలు.

ఆ రోజు మల్లవ్వ ఉన్నట్టుండి చాట పక్కన పెట్టి లేచింది.

"మరి గది?" అంటూ పెరటి మూలకు చూపించింది. "గది గుడ ముట్టుకోవచ్చునా?"

కంపకుప్ప. దాని కింద ఒక రేకు పెట్టె అంచు కనబడుతోంది. ఆయన బట్టలూ వస్తువులూ అందులో పెట్టి, పిల్లలెవరూ ముట్టకుండా కంప కప్పారట. కాల్చడానికి భయం, పారెయ్యడానికి భయం. ఆయన పోయినప్పటినుంచీ అది అలాగే ఉంది.

"ముట్టుకోవచ్చు" అన్నాను.

ఆగమంటున్నా వినకుండా ఉత్తి చేతులతో కంప లాగింది. సుజాతా నేనూ సాయం పట్టాం. ముగ్గురికీ ముళ్ళు గుచ్చుకున్నాయి. పెట్టె మూత తుప్పు పట్టి రాలేదు, రాయితో కొట్టి తెరిచింది. లోపల రెండు అంగీలు, ధోవతి, టిఫిన్ డబ్బా, అన్నిటికంటే పైన మడతపెట్టిన ఎర్ర రుమాలు. దాన్ని తీసి ముఖానికి అదుముకుంది.

"చుట్ట వాసన" అంది. "ఇంక పోలే."

అప్పుడు ఏడ్చింది. వీధిలోవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఒక ముసలావిడ, "ముట్టుకోకే మల్లవ్వ!" అని కేకేసింది. మల్లవ్వ వినిపించుకోలేదు. నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని కొమురయ్య టిఫిన్ డబ్బా బూడిదతో తోమడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గిన్నే తోమి, కడిగి, బోర్లించి పెట్టింది. తర్వాత అంగీలు నీళ్ళలో వేసి ఉతికింది. దండెం మీద ఆరేస్తూ ఒక్కో చెయ్యీ సాపు చేసింది. జేబు ఉన్న అంగీ దగ్గర మాత్రం ఆగింది. దాని ఖాళీ చెయ్యి పట్టుకుని, మేము ఆటో ఎక్కేదాకా అలాగే నిలబడి ఉంది.